రెండు రేకుల కెటిల్

కొట్లో అందరూ ఆమెను కాటా అంటారు. కొండలెక్కేవాళ్ళకి సరుకులమ్మే కొట్టది. గుడారాలు, నిద్రసంచులు, అరచేతిలో పట్టే గ్యాసు పొయ్యిలు, మడత చెంచాలు. ఏది తీసి చేతిలో పెట్టినా ఎన్ని గ్రాములో చెప్పేస్తుంది. ఆ తర్వాత కౌంటరు మీదున్న అసలు కాటా మీద పెట్టి చూస్తే ఐదు గ్రాములు అటో ఇటో తేడా, అంతే.

ఆ కొట్టుకి అదొక ఆకర్షణ. నాలుగు రోజులు వీపున మోసుకు తిరగాల్సినవాళ్ళు ధర కన్నా ముందు బరువు అడుగుతారు. కొందరు పళ్ళు తోముకునే బ్రష్షు పిడి సగానికి విరిచి మరీ తెచ్చుకుని, ఎంత తగ్గిందో తూచమంటారు. అదే మనిషి బెల్టు మీద నుంచి దిగజారిన పొట్ట సంగతి మాత్రం ఎత్తడు. కాటా నవ్వు ఆపుకుని తూచి చెప్తుంది. తను మాత్రం ఏనాడూ కొండెక్కిన మనిషి కాదు. ఈ కొట్లో ఆరేళ్ళలో ఆమె ఎక్కిన ఎత్తల్లా అటక మీదికి వేసిన నిచ్చెన.

పొద్దున్నే షట్టరెత్తగానే మొదటి పని స్టిక్కర్లు పీకడం. గిన్నెల అడుగునా పక్కనా మూతల మీదా తయారుచేసినవాళ్ళు అంటించే కాగితాలేవీ మిగలకూడదని ఓనరుగారి పట్టు. స్టీల్లో మనిషికి తన మొహం కనపడాలి, అప్పుడే కొంటాడు అంటారాయన. బొటనవేలి గోటితో ఒక మూల లేపాలి, తెగకుండా లాగాలి, జిగురు మిగిలితే నూనెగుడ్డతో రుద్దాలి, గీత పడకూడదు. కాటాకి ఇందులో కళ్ళతో పని లేదు. పక్కవాళ్ళతో కబుర్లు చెప్తూనే ముప్పై గిన్నెలు ముగించేస్తుంది.

ఓనరుగారిది ఇంకో కట్టుబాటు కూడా ఉంది. కొట్లో అగ్గిపుల్ల గీయకూడదు. నాలుగువైపులా వేలాడుతున్నది గుడారాల గుడ్డ మరి. పొయ్యి వెలిగించి చూపించమని ఎవరు అడిగినా కుదరదంటారు. గిన్నెలో వేడి ఎలా నిలుస్తుందో చూడాలంటే కరెంటు కుండలో కాచిన నీళ్ళు పోసి చూపించాల్సిందే. అలా ఆరేళ్ళుగా పొయ్యిలమ్ముతున్న కాటా ఒక్క పొయ్యి కూడా వెలగ్గా చూడలేదు.

బుధవారం పదకొండు గంటలకి ఆ దంపతులొచ్చారు. ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఆ సంగతి ఆయన తర్వాత చెప్పారు గానీ, తలుపు తోసుకుని లోపలికి నడిచిన తీరులోనే తెలిసిపోయింది, మెళ్ళో ఈల ఒక్కటే తక్కువ. ఆవిడ వెనకగా వస్తూ దారిలో ప్రతి గుడారంలోకీ తొంగి చూసింది.

"కెటిల్ కావాలమ్మా. స్టీలుది, తేలికది," అన్నారు మాస్టారు. "రేపు పొద్దున్న ఆరింటి బస్సుకి వెళ్తున్నాం. కొండ మీద నాలుగు రోజులు."

"ఈయనకి అలవాటే. నేనే కొత్త," అంది ఆవిడ. "నేను మందుల షాపు దాకా నడిస్తే, వచ్చేటప్పుడు బస్సెక్కే మనిషిని."

"నువ్వేం మొయ్యక్కర్లేదని చెప్పానుగా. కెటిల్ ఒక్కటే నీ సంచీలో. టీ పెట్టే డ్యూటీ నీది."

"ముప్పై ఏడేళ్ళుగా నాదే. ఇప్పుడు కొండెక్కి పెట్టమంటున్నారు, అంతే తేడా."

కాటాకి ఆవిడ నచ్చేసింది. ఆరు కెటిళ్ళు దించి వరసగా పెట్టింది. అడుగు వెడల్పుంటే నీళ్ళు త్వరగా మరుగుతాయంది. వంచినప్పుడు మూత ఊడిపడకూడదంది. పిడి మడత పడితే సంచీలో చోటు కలిసొస్తుందంది. అన్నీ ఎవరో కొనుక్కుపోయినవాళ్ళు చెప్పగా విన్న మాటలే, ఆమె నోట మాత్రం స్వయంగా కాచి వడపోసినట్టు వచ్చేవి. ఆవిడ ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసి, పిడి పట్టుకుని, మళ్ళీ పెట్టేసింది.

"బరువు కాదమ్మా నా బాధ," అంది చివరికి. "నా వేళ్ళు వేడి ఓర్చుకోవట్లేదు. చర్మం పల్చబడిపోయింది. ఇంట్లో గ్లాసు కూడా గుడ్డతో పట్టుకుంటున్నాను."

అప్పుడు కాటాకి కొత్త సరుకు గుర్తొచ్చింది. సోమవారం కలగాపులగంగా దిగిన పెట్టెల్లో వచ్చింది, పొట్టిగా, గుండ్రంగా, చిన్న కొమ్ముతో, తిప్పి బిగించే మూతతో. కెటిళ్ళ అరలో ఓనరుగారే పెట్టించారు. దాన్ని చేతిలోకి తీసుకుని "నూట తొంభై" అంది. కౌంటరు మీది కాటా నూట తొంభై రెండు చూపించింది. మిగతా పెద్దవాటికన్నా అది తేలికే. కానీ అంత చిన్న కెటిల్ నూట ముప్పై దాటకూడదు. ఆ సంగతి ఆమె చేతికి తెలిసింది. రేకు మందం, గట్టి సరుకు అని ఆమె తన చేతికే సర్దిచెప్పుకుంది.

కరెంటు కుండలోంచి వేడినీళ్ళు పోసి, ఆవిడ అరచేయి తీసి కెటిల్ మీద ఆనించింది. ఆవిడ ముందు భయపడి, తర్వాత రెండు చేతులతో చుట్టి పట్టుకుంది. "చల్లగా ఉంది. ఏవండీ, చూడండి, నా కోసమే చేసినట్టుంది."

"పొయ్యి మీద కదలకుండా నిలుస్తుందా?" అన్నారు మాస్టారు.

కాటా అరలోంచి చిన్న గ్యాసు పొయ్యి తీసి, దాని మూడు కాళ్ళ మీద కెటిల్ పెట్టి, చూపుడువేలితో నెట్టి చూపించింది. కదల్లేదు. "బ్రహ్మాండంగా నిలుస్తుంది మాస్టారూ."

"వచ్చాక ఎలా ఉందో చెప్తానమ్మా," అంది ఆవిడ వెళ్తూ.

*

ఆ రకానివి రెండే వచ్చాయి. గురువారం పొద్దున్న రెండోది పెట్టెలోంచి తీసి, అడుగున గోరు పెట్టింది. ఈసారి కాగితం సగంలో తెగింది. విసుక్కుంటూ వెలుతురులోకి తిప్పి చూసింది. తెగిన ముక్క మీద చిన్న మంట బొమ్మ, దాని మీద అడ్డంగా ఎర్రగీత. కింద చీమతలకాయంత అక్షరాలు. కళ్ళు చిట్లించి చదివింది. రెండు గోడల పాత్ర. కాచిన పానీయం వేడి నిలపడానికి మాత్రమే. మంట మీద పెట్టరాదు.

మళ్ళీ చదివింది. తర్వాత ఏం చెయ్యాలో తోచక, అక్షరాలు మారతాయేమోనన్నట్టు మూడోసారి చదివింది. చేతిలో ఆ గిన్నె బరువు ఇప్పుడు చక్కగా అర్థమైంది. రేకు మందం కాదు. రెండు పల్చటి రేకులు, మధ్యలో మూసేసిన ఖాళీ. గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. బస్సు ఆరింటికే వెళ్ళిపోయింది.

ఓనరుగారు కౌంటరు వెనక కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. కాటా గిన్నె బోర్లించి ఆయన ముందు పెట్టింది. "సార్, ఇది పొయ్యి మీద పెట్టేది కాదు. నిన్న డ్రిల్లు మాస్టారికి ఇచ్చేశాను. పొయ్యి మీద పెట్టి చూపించాను కూడా."

ఆయన చదివారు. కళ్ళజోడు పెట్టుకుని ఇంకోసారి చదివారు. కోపమొచ్చినా భయమొచ్చినా ఆయన గొంతు పెరగదు, తగ్గుతుంది. "ఏం కాదులే," అన్నారు చాలా మెల్లగా. "రెండు టీలు పెట్టుకుంటారు, వచ్చేస్తారు."

"బిల్లు మీద ఫోన్ నంబరుంది సార్. ఒక్క మాట చెప్తే సరిపోతుంది."

"ఏమని చెప్తావు? పొరపాటు వస్తువు అంటగట్టామనా? రేపు వాళ్ళ గోటికి దెబ్బ తగిలినా కొట్టు మీదికొస్తారు." ఆయన లేచి, గిన్నె తీసుకెళ్ళి, కెటిళ్ళ అరలో కాకుండా పక్కనే ఫ్లాస్కుల అరలో పెట్టారు. మూత సరిచేశారు. "ఇదిగో, ఇప్పుడు ఉండాల్సిన చోట ఉంది. నువ్వు దుమ్ము దులుపుకో."

మధ్యాహ్నం బాక్సు తెరవకుండానే కాటా రెండు వీధుల అవతలున్న తమ్ముడి దగ్గరికెళ్ళింది. వాడు వెల్డింగు షెడ్డులో పని చేస్తాడు. ముసుగు పైకెత్తి, "ఏంటక్కా, మొహం అలా ఉంది?" అన్నాడు. ఆమె విషయం చెప్పింది. వాడు తేలిగ్గా తీసిపారేస్తాడనే ఆశతోనే అంత దూరం నడిచొచ్చింది.

వాడు తేలిగ్గా తీసుకోలేదు. గోడవారనున్న పాత డ్రమ్ము చూపించాడు. దాని పక్కన వేలెడు చిల్లు ఉంది. "అతుకు పెట్టేముందు చిల్లు పొడుస్తాం. నాలుగువైపులా మూసిన డబ్బాకి మంట చూపించకూడదు. మాకు నేర్పే మొదటి మాట అది. మధ్యలో ఎంత కాస్త గాలి మిగిలినా, కాలేకొద్దీ ఉబ్బుతుంది, పోవడానికి దారుండదు. ఎక్కడ అతుకు పల్చగా ఉంటే అక్కడ పేలుతుంది."

"నీళ్ళు పోసి పెడితేనో? నీళ్ళుంటాయి కదరా."

"నీళ్ళు లోపలి రేకుకి తగుల్తాయి. మంట బయటి రేకుకి తగుల్తుంది. రెంటికీ పొత్తే లేదు. కుండెడు నీళ్ళు పోసినా బయటి అడుగు ఖాళీ గిన్నెలాగే ఎర్రగా కాలిపోతుంది. పైగా లోపలి నీళ్ళు మరగవు కదా, మరగలేదని మంట ఇంకా పెంచుతారు." చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగాడు. "ఎవరు కొన్నారక్కా? ఇప్పుడెక్కడున్నారు వాళ్ళు?"

చల్లగా ఉందని కెటిల్ని రెండు చేతులతో చుట్టుకున్న ఆవిడ కళ్ళముందు కదిలింది. నీళ్ళు ఎందుకు మరగలేదా అని ఆవిడ మూత తీసి, వంగి, లోపలికి చూస్తుంది. ముప్పై ఏడేళ్ళుగా టీ పెడుతున్న మనిషి అదే చేస్తుంది.

ఓనరుగారు భోజనానికి వెళ్ళగానే కాటా బిల్లుల పుస్తకం తీసి నంబరు అరచేతి మీద రాసుకుంది. తొందరలో ఏడు ఒకటిలా వచ్చింది, దాని మీదే మళ్ళీ దిద్దింది. ఫోను చేస్తే మీరు కోరిన వ్యక్తి అందుబాటులో లేరంది. గుడారాల వెనక నిలబడి పదకొండుసార్లు చేసింది. పన్నెండోసారి చెయ్యబోతుంటే కొట్లో అమ్మే దారి పటాలు గుర్తొచ్చాయి. ప్రతి పటం మూలా కొండ మొదట్లో ఉండే కాపలా గది నంబరు వేసి ఉంటుంది.

కొట్టు ఫోనులోంచి చేస్తే కాపలా మనిషి ఎత్తాడు. "ముసలాయనా ఆవిడానా? సంతకాలు పెట్టి ఎక్కేశారమ్మా. ఆదివారం దిగుతామని రాశారు."

"ఎవరినైనా పంపించి ఒక్క మాట చెప్పించగలరా?"

"పైన ఒకటే వాన. ఎవరినీ వదలొద్దని మాకు చెప్పారు. ఇంతకీ ఏంటి సంగతి, ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?"

"కాదండీ. వాళ్ళ దగ్గరున్న కెటిల్ పొయ్యి మీద పెట్టకూడదని చెప్పాలి."

అవతల అతను నవ్వాడు. "కెటిల్ పొయ్యి మీద పెట్టకపోతే నెత్తి మీద పెట్టుకుంటారామ్మా?"

ఆమె మొత్తం విడమరిచి చెప్పింది. అతను నవ్వడం మానేశాడు. వాన తెరిపిచ్చి ఎవరైనా ఎక్కితే తప్పకుండా చెప్పి పంపిస్తానన్నాడు, రాసుకుంటున్నానన్నాడు. పెన్ను గీస్తున్న చప్పుడు కూడా వినిపించింది. వాన తెరిపిస్తుందో లేదో మాత్రం అతను చెప్పలేకపోయాడు.

*

శుక్రవారం ఒక కుర్రజంట వచ్చి తేలిక కెటిల్ చూపించమన్నారు. కాటా ఒకటి తీసి చేతిలో పెట్టుకుని "నూట యాభై" అంది. కౌంటరు మీది కాటా రెండొందల పది చూపించింది. ఇంకోటి తీసి "నూట ఎనభై" అంటే నూట నలభై వచ్చింది. పక్క కౌంటరు పిల్ల పగలబడి నవ్వి, "కాటా చెడిపోయింది, రిపేరుకి పంపించాలి," అంది. కాటా కూడా నవ్వినట్టు మొహం పెట్టింది. కుర్రజంట కొన్న కెటిల్ అడుగు గోటితో నాలుగుసార్లు కొట్టి చూసి, లోపల చెయ్యి పెట్టి తడిమి, పెట్టె మీది కాగితమంతా చదివి, అప్పుడు గానీ ఇవ్వలేదు. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రోజంతా చెవులు తలుపు మీదే ఉన్నాయి. కాపలా గదికి కొట్టు ఫోనులోంచే ఇంకో రెండుసార్లు చేస్తే, వాన ఇంకా తెరిపివ్వలేదన్నారు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఉలిక్కిపడి తలెత్తేది, ఎవరో వచ్చి ఫలానా కొండ మీద ఫలానా ఘోరం జరిగిందట అంటారేమోనని. ఇంట్లో మరుగుతున్న గిన్నె చప్పుడు వినగానే పొయ్యి కట్టేసింది. ఏడాదిగా పని లేక ఇంట్లో ఉంటున్న మొగుడు, "టీ పెడతానని మంచినీళ్ళిచ్చావేంటి?" అన్నాడు. ఆమె గ్లాసు వంక చూసి లోపలికెళ్ళింది.

శనివారం ఓనరుగారు ఆమెను వెనకగదిలోకి పిలిచారు. బల్ల మీద కొట్టు ఫోనుంది. "కాపలా గదికి మూడుసార్లు ఫోను వెళ్ళింది ఇందులోంచి," అన్నారు. గొంతు ఎంత తగ్గిందంటే ఆమె ముందుకి వంగి వినాల్సొచ్చింది. "నేను వద్దన్నాక చేశావు. సరే, నీది మెత్తటి మనసు. కానీ విను. వాళ్ళు వచ్చి ఏమన్నా అంటే మాట్లాడేది నేను. నువ్వు నోరు మెదిపావా, ఆ రోజే నీకు ఈ కొట్లో ఆఖరి రోజు. మీ ఆయన ఇంకా ఇంట్లోనే ఉన్నాడా?"

"ఉన్నాడు సార్."

"పాపం," అన్నారు నిజంగానే జాలిపడుతున్నట్టు. "వెళ్ళు."

తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆదివారం మధ్యాహ్నం దాకా కాపలా గది ఫోను మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు. నాలుగింటికి వేరే గొంతు పలికింది. తను ఇప్పుడే డ్యూటీకి వచ్చానన్నాడు. పాతతను సెలవు మీద వెళ్ళిపోయాడట, కెటిల్ సంగతి ఇతనికేమీ తెలీదు. వాన ఈ పొద్దున్నే తగ్గిందట, అప్పటిదాకా మూడు రోజులుగా ఎవరినీ ఎక్కనివ్వలేదట. అంటే ఆమె మాట ఆ గది దాటి అడుగు ముందుకెయ్యలేదు.

"డ్రిల్లు మాస్టారు దంపతులు దిగారా? రిజిస్టర్లో చూడండి, మీకు దణ్ణం పెడతాను."

కాగితాలు తిప్పిన చప్పుడైంది. "ఆ, ఉంది. పొద్దున్న దిగారు." ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఇంకా ఊపిరి పూర్తిగా వదలకముందే అతను, "ఇద్దరూ అని చెప్పలేనేమో," అని గొణిగాడు. "ఎక్కేటప్పుడు రెండు సంతకాలున్నాయమ్మా. దిగేటప్పుడు ఒకటే ఉంది. ఆయనది."

"ఆవిడది?"

"లేదు. ఖాళీగా ఉంది. నేనప్పటికి రాలేదు, నాకు తెలీదమ్మా."

మాస్టారి ఫోను స్విచ్ఛాఫ్ అని వచ్చింది. కాటా నిద్రసంచుల కుప్ప మీద కూలబడిపోయింది. పక్క కౌంటరు పిల్ల నీళ్ళు తెచ్చి, "ఏంటక్కా, ఎవరికేమైంది?" అని అడిగితే, ఏమీ లేదని తల అడ్డంగా ఊపింది. ఆ ఖాళీ గీత తప్ప ఆమెకి ఇంకేమీ కనిపించడం లేదు. తను కాగితం పీకేసింది, తనే పొయ్యి మీద పెట్టి చూపించింది, నూట తొంభై అని గొప్పగా చెప్పింది. ఒక మనిషిని చంపేశానని ఆమెకు రూఢి అయిపోయింది.

*

సోమవారం పదింటికి తలుపు తెరుచుకుని మాస్టారు ఒక్కరే లోపలికొచ్చారు. గడ్డం మాసి ఉంది. కాటా స్టూలు అంచు పట్టుకుంది. ఆయన వెనక్కి తిరిగి తలుపు పట్టుకుని, "రా, గడప చూసుకో," అన్నారు. ఆవిడ లోపలికొచ్చింది.

బతికే ఉంది. నడుస్తోంది. కుడి చెయ్యి వేళ్ళ దగ్గర్నుంచి మోచేతి దాకా తెల్లటి కట్టు ఉంది. సంతకం ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. ఏడవాలో నవ్వాలో తెలియక, ఓనరుగారు చూస్తున్నారని తల దించుకుంది.

మాస్టారు సంచీలోంచి కెటిల్ తీసి కౌంటరు మీద పెట్టారు. అడుగు బయటికి విచ్చుకుని, అంచులు చీలికలైపోయి, మసిబారి ఉంది. "నిష్ఠూరమాడ్డానికి రాలేదు," అన్నారు. "తప్పు మాదే. శుక్రవారం పొద్దున్న నేను గుడారంలో ఉన్నాను. డామ్మని మోగింది. వచ్చి చూస్తే పొయ్యి ఒకవైపు, ఇది ఒకవైపు, దీని చెయ్యి ఇలా. అడుగు చూడండి, ఎంతలా కాలిందో. చుక్క నీళ్ళు లేకుండా పెట్టి మర్చిపోయింది. ఖాళీ గిన్నె తప్ప ఏదీ ఇలా కాలదు."

బుధవారం ప్రతి గుడారంలోకీ తొంగి చూసిన మనిషి ఇప్పుడు తన చెప్పుల వంక చూస్తోంది.

"వానలో రెండు రోజులు ఇరుక్కుపోయాం. నా ఫోను తడిసి చచ్చింది," అన్నారు మాస్టారు. ఆయన గొంతులో కోపం కన్నా బెదురు ఎక్కువుంది. "అసలు నా భయం అది కాదు. దీని మతిమరుపు. అబ్బాయితో మాట్లాడితే అమ్మని పొయ్యి దగ్గర ఒంటరిగా వదలొద్దన్నాడు. నిన్నట్నించీ ఇంట్లో గ్యాసు నేనే కట్టేసి ఉంచుతున్నాను. ఇట్నించి ఇటే డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం, తలకి పరీక్షలేవో చేస్తారట. ఈలోపు నా ఒక్కడికీ సరిపడే కెటిల్ ఏదైనా ఉంటే ఇవ్వండి. ఇది ఇంక రాదు."

ఓనరుగారు చీలిన అడుగుని వేలితో తాకి, సానుభూతిగా నిట్టూర్చారు. "వయసు కదా మాస్టారూ. ఖాళీ గిన్నె మంట మీద పెడితే ఎంత మంచి స్టీలైనా ఆగదు. ఇలాంటివి చూస్తూనే ఉంటాం. మీకు తగ్గించి ఇస్తాను, ఒకటి చూసుకోండి." ఒక్కసారి కాటా వైపు చూసి, మళ్ళీ చూపు తిప్పేసుకున్నారు.

ఆ చూపుతో శనివారం వెనకగదిలో విన్నదంతా మళ్ళీ వినిపించింది. కాటా కెటిళ్ళ అర దగ్గరికెళ్ళి ఒకటి తీసింది. ఆవిడ బతికొచ్చింది, చెయ్యి మానుతుంది. మాస్టారే తప్పు మాదేనంటున్నారు. నోరు మూసుకుంటే ఇంక భయం లేదు, ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకోవచ్చు. కెటిల్ తెచ్చి కౌంటరు మీద పెట్టింది. ఆవిడ దాన్ని చూసి ఒక అడుగు వెనక్కి వేసింది, పాముని చూసి జరిగినట్టు.

"అమ్మగారూ," అంది కాటా. "ఆ రోజు అందులో నీళ్ళు పోశారా?"

ఆవిడ ముందు భర్త వంక చూసింది. "పోశాననే అనుకున్నానమ్మా. పోసి ఉండను."

"పోసే ఉంటారు," అంది కాటా. "నిండా పోసినా అది అలాగే కాలుతుంది. అది పొయ్యి మీద పెట్టే గిన్నె కాదమ్మా. రెండు రేకులు, మధ్యలో మూసేసిన ఖాళీ. నీళ్ళ చల్లదనం బయటి అడుగుకి అందదు. మంట మీద పెట్టొద్దని అడుగున కాగితం అంటించి ఉంటుంది. దాన్ని పీకేసింది నేను. చదవకుండా పీకేశాను. పొయ్యి మీద పెట్టి చూపించిందీ నేనే."

"కాటా," అన్నారు ఓనరుగారు, వినపడీ వినపడనట్టు. "లోపలికెళ్ళు."

ఆమె వెళ్ళలేదు. ఫ్లాస్కుల అరలోంచి రెండో గిన్నె తీసి, సగం తెగిన కాగితం పైకి కనపడేలా బోర్లించి మాస్టారి ముందు పెట్టింది. మాస్టారు దాన్ని చదివారు. తర్వాత పేలిపోయిన కెటిల్ ఎత్తి, కిటికీ వైపు తిప్పి, చీలిక లోపలికి చూశారు. చిరిగిన బయటి రేకు వెనకాల ఇంకో రేకు మసి అంటకుండా మెరుస్తోంది. ఆయన చాలాసేపు దాన్ని దించలేదు. దించితే ఎవరి మొహం చూడాలో తెలియక కావచ్చు.

"రెండు గ్లాసులు," అంది ఆవిడ.

అందరూ అటు తిరిగారు.

"రెండు గ్లాసుల నీళ్ళు పోశాను. ఎంతకీ మరగలేదు. ఈలోపు పంచదార డబ్బా తీద్దామని సంచీ దగ్గరికి నడిచాను. అప్పుడు మోగింది. పొయ్యి పక్కనున్న బట్టలు అంటుకుంటాయేమోనని చేత్తో లాగాను." కట్టున్న చేతిని ఎడమచేత్తో పట్టుకుంది. "శుక్రవారం నుంచీ ఇదే చెప్తున్నాను. చెప్పగా చెప్పగా ఆఖరికి నాకే అనుమానమొచ్చింది. రాత్రి పడుకుని నా చిన్నప్పటి సంగతులు ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను, ఎన్ని పోయాయో చూద్దామని."

"ఏమోయ్," అన్నారు మాస్టారు.

ఆవిడ కాటానే చూస్తోంది. "నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం పొద్దున్నే అమ్మా. ఫోన్లు చేశాను. కలవలేదు. నిన్న మీరు దిగారని తెలిసింది. మీ సంతకం లేదన్నారు. మీరు..." తెగిన కాగితాన్ని వేలితో అదిమి పెట్టింది. "బిల్లు మీద ఇంటి అడ్రసు కూడా ఉంది. నిన్ననే రావాల్సింది. ఇక్కడ పని పోతుందని భయపడ్డాను."

క్షమించానని ఆవిడ అనలేదు, తిట్టనూ లేదు. కాటాని పైనుంచి కింది దాకా ఒకసారి చూసింది, బరువు అంచనా వేస్తున్నట్టు. ఓనరుగారు సొరుగు మూసి, "మాస్టారూ, మనం లోపల కూర్చుని మాట్లాడుకుందాం," అన్నారు. మాస్టారు కదల్లేదు. స్టూలు వెతుక్కుని దాని మీద కూర్చుండిపోయారు, వీపు మొదటిసారి వంగింది.

ఆవిడ ఎడమచేత్తో తన చేతిసంచీ తెరిచి ఫోను బయటికి తీసింది. ఒంటిచేత్తో నంబరు నొక్కడానికి అవస్థ పడుతుంటే మాస్టారు చెయ్యి చాచారు. ఆవిడ ఇవ్వలేదు. కౌంటరు మీద పెట్టుకుని, ఒక్కొక్క అంకే ఎడమ చూపుడువేలితో నొక్కి, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టింది. అవతల నాలుగుసార్లు మోగింది.

"హలో అమ్మా," అన్నాడు కొడుకు. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మెల్లగా, ముద్దుగా అన్నాడు. "నాన్నకివ్వు. డాక్టరేమన్నారు?"

ఆవిడ ఫోను కాటా వైపు జరిపింది.

"ఇందాక చెప్పిందంతా మళ్ళీ చెప్పు," అంది. "మొదట్నించీ."